ముక్కనుమ మర్నాడు నించి ఐదు రోజులు: విజయనగరం నించి లంబసింగి, నాలుగు కొత్త టైర్ల మీద

కనుమ నాడు కాకైనా కదలదు అంటారు కదా, మా ఇంట్లో ఆ మాట అక్షరాలా పాటిస్తారు, అందుకని ఆ పూట నేనూ బావా ఎక్కడికీ పోకుండా నాటుకోడీ గారెలూ తినేసి వాకిట్లో కారు చుట్టూ తిరుగుతున్నాం. బావ అంటే మా అక్క మొగుడు, స్టుట్‌గార్ట్‌లో ఉంటారు, అక్కడ పాత పోర్షే కేమన్ ఒకటి నడుపుతారు. నాది సెకండ్‌హ్యాండ్‌లో కొన్న బీఎమ్‌డబ్ల్యూ జెడ్4, ఈ89 మోడల్, 35ఐ, మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, 306 హార్స్‌పవర్, అదంతా వెనక రెండు చక్రాలకే వెళ్తాది. పై టాపు 20 సెకన్లలో మడుచుకుని డిక్కీలోకి పోద్ది. రెండే సీట్లు. పండగ అయ్యాక ఇద్దరం అరకు మీదుగా లంబసింగి వెళ్ళి రావాలని ప్లాను.

బావ వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుని టైరు అంచు మీద దుమ్ము బొటనవేలితో తుడిచి "ఒరే, ఇది ఏ ఏటిదో చూసుకున్నావా" అన్నారు. డీఓటీ అన్న అక్షరాల వరస చివర్లో నాలుగంకెలు ఉంటాయి, 3417. అంటే 2017లో 34వ వారం, ఆగస్టు నెల. ఏడేళ్ళు దాటిపోయింది. నేను ఎప్పుడూ గాడి లోతే చూసేవాణ్ణి, గాడిలో ఇంకా 5 మిల్లీమీటర్లు ఉంది, అరుగుదల గుర్తు 1.6 దగ్గర కదా వచ్చేది, ఇంకేటి అనుకునేవాణ్ణి. బావ ఏమీ అనలేదు, బొటనవేలి గోరు పెట్టి రబ్బరులోకి నొక్కమన్నారు. నొక్కా. దిగలేదు. గోరే వంగింది. గాడి అడుగున చూస్తే వెంట్రుక వాసి బీటలు, ఎండిన చెరువు మట్టిలాగ.

అప్పుడు చెప్పా ఆయనకి, అంతకు ముందు డిసెంబర్లో ఏం జరిగిందో. తెల్లారి ఆరింటికి ఒక్కణ్ణే అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే, కారు బయట 11 డిగ్రీలు చూపిస్తోంది, వాన లేదు, కాఫీ తోటల నీడలో ఒక మలుపు దగ్గర రోడ్డు మంచుకి తడిసి నల్లగా ఉంది, స్పీడు 35 కూడా లేదు, సెకండ్ గేర్లో కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చేసరికి వెనకభాగం పక్కకి జారి గోడ వైపుకి పోయింది. చక్రం జారితే ఇంజను బలం తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్ పట్టుకుంది, లేకపోతే ఏటయ్యేదో నాకు తెలీదు. ఎదురుగా అప్పుడే ఒక బస్సు దిగుతోంది. ఇంట్లో ఎవ్వరికీ చెప్పలేదు ఇన్నాళ్ళూ. బావ విని కాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఈ టైర్ల మీద నేను కొండెక్కను, నిన్ను ఎక్కనివ్వను" అన్నారు.

మొదటి రోజు: విశాఖ, టైర్ల కోసం

ముక్కనుమ కూడా అయిపోయాక పొద్దున్నే బయల్దేరాం. మా కారుకి ముందు 225/40 ఆర్18, వెనక 255/35 ఆర్18, ఈ సైజులు విజయనగరంలో ఎవరి దగ్గరా ఉండవు, విశాఖ పోవాల్సిందే. దారి పొడుగునా ఒకటే చర్చ, ఏ రకం వెయ్యాలి.

నాకు ముందు నించీ ఉన్న ఆలోచన ఏంటంటే చలికి వెళ్తున్నాం కాబట్టి చలి టైర్లు వేస్తే సరిపోద్ది కదా అని. బావ నవ్వలేదు, ఓపిగ్గా చెప్పారు. "మీ అత్తయ్య అరిసెలకి పాకం పట్టింది చూశావా మొన్న? టైరూ అంతే, అదీ పాకమే." ఇది నాకు బాగా ఎక్కింది. సమ్మర్ టైరు అంటే ముదురు పాకం. ఎండలో, వేడి రోడ్డు మీద గట్టిగా నిలబడి మలుపులో కారుని పట్టుకుంటాది, కానీ చలికి బిగుసుకుపోద్ది. దాదాపు 7 డిగ్రీల కింద అది రోడ్డు గరుకులోకి ఒదగలేదు, పైపైనే జారుతాది. వింటర్ టైరు అంటే లేత పాకం. గడ్డకట్టే చలిలో కూడా మెత్తగా ఉంటాది, పైగా దాని మీద సైపులని వందల కొద్దీ సన్నటి కోతలుంటాయి, అవి మంచుని కరుచుకుంటాయి. కానీ ఆ లేత పాకాన్ని మన ఎండలో 28 డిగ్రీల రోడ్డు మీద పెడితే సాగుద్ది, స్టీరింగ్ తిప్పితే టైరు దిమ్మెలు వంగి కారు ఆలస్యంగా తిరుగుద్ది, బ్రేకు వేస్తే ఎక్కువ దూరం పోద్ది, నెలల్లో అరిగిపోద్ది. లంబసింగిలో తెల్లారగట్ల చలి నిజమే, కానీ పదకొండయ్యేసరికి స్వెట్టర్ విప్పేస్తాం. ఆ నాలుగైదు గంటల కోసం లేత పాకం వేసుకుని మిగతా ఏడాదంతా మన రోడ్ల మీద తిరగడం తప్పు.

జర్మనీలో సంగతి వేరు. అక్కడ అక్టోబర్ నించి ఈస్టర్ దాకా అని ఒక లెక్క, జనం నోట్లో ఓ నించి ఓ అంటారు, అన్ని నెలలూ వింటర్ టైర్లే. బావకి రెండు సెట్ల చక్రాలున్నాయి, వాడని సెట్టుని టైర్ల షాపువాళ్ళే డబ్బు తీసుకుని దాచిపెడతారు, దాన్ని వాళ్ళు టైర్ల హోటల్ అంటారంట. చట్టం కూడా ఉంది, మంచు, ఐసు ఉన్న రోడ్డు మీద వింటర్ టైర్లు లేకుండా నడపకూడదు, 2024 అక్టోబర్ 1 నించి టైరు మీద మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు బొమ్మ ఉంటేనే ఒప్పుకుంటారు. అంతకు ముందు ఎమ్ ప్లస్ ఎస్ అని రాసున్నా సరిపోయేది, అది బురద, మంచు అని కంపెనీవాళ్ళు తమంతట తాము రాసుకునే మాట, పరీక్ష అంటూ ఏదీ లేదు. కొండ బొమ్మ అయితే మంచు మీద పరీక్ష పాసైతేనే వేస్తారు. ఫిన్లాండ్‌లో నోకియన్ వాళ్ళు 1934లోనే మొదటి వింటర్ టైరు చేశారు, మొదట లారీల కోసం, అక్కడి అవసరం అలాంటిది.

మధ్యలో ఇంకో రకం ఉంది, ఆల్ సీజన్. స్పోర్ట్స్ కార్లకి కూడా ఇప్పుడు మంచివే వస్తున్నాయి, కాంటినెంటల్ వాళ్ళ డీడబ్ల్యూఎస్ అని ఒకటుంది, టైరు మీదే డీ (పొడి), డబ్ల్యూ (తడి), ఎస్ (మంచు) అని మూడక్షరాలు చెక్కుంటాయి, ఎస్ అరిగిపోయిందంటే ఇక మంచుకి పనికిరాదు, డబ్ల్యూ పోతే తడికి పనికిరాదు, అలా టైరే చెప్పుద్ది. ఊటీలోనో సిమ్లాలోనో ఏడాదంతా ఉండేవాడికి ఇదే మంచిదని బావ ఖచ్చితంగా చెప్పారు. మనం అడిగిన రెండు సైజులకీ మేం తిరిగిన చోట ఆ రకం దొరకలేదు.

నా ఫ్రెండ్ ఒకడు ఎప్పట్నించో పైలట్ స్పోర్ట్ కప్ 2 వెయ్యరా అని పోరు పెడుతున్నాడు. అది రేస్ ట్రాక్‌కి చేసింది, వేడెక్కితేనే అతుక్కుంటాది, గాళ్ళు తక్కువ, చల్లటి తడి ఘాట్ రోడ్డు మీద అది వేసుకు వెళ్ళడం కన్నా నా పాత టైర్లే నయమేమో. ఇది నేను అంటున్న మాట, బావ అయితే ఆ పేరు ఎత్తనివ్వలేదు.

మొదటి షాపులో అడిగిన సైజు ఉంది, ధర కూడా బాగానే చెప్పాడు, తీరా తిప్పి చూస్తే తయారై మూడేళ్ళు దాటింది. "షెడ్డులో నీడనే ఉంది కద సార్, ఏటవుతాది" అన్నాడు కుర్రాడు. నీడన పెట్టిన టైరు అంత పాడవదు, అది నిజమే, కానీ ఏడేళ్ళ టైరుతో జారినవాణ్ణి, పూర్తి ధర పెట్టి మూడేళ్ళ వయసున్నది ఎందుకు కొంటాను. పైగా ముందు రెండూ ఒక కంపెనీ, వెనక రెండూ ఇంకో కంపెనీ ఇస్తానన్నాడు. వెనక చక్రాలు తోసే కారులో ముందొక స్వభావం వెనకొక స్వభావం ఉంటే తడిలో ఏ చక్రం ముందు జారుతాదో మనకి తెలీదు. దండం పెట్టి వచ్చేశాం.

రెండో షాపులో మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 ఎస్ నాలుగూ దొరికాయి, తయారై ఆర్నెల్లు కూడా కాలేదు. సమ్మర్ టైరే ఇది. కానీ తడి మీద పట్టు బాగుంటాదని పేరున్నది, మన ఘాట్లో చలి కన్నా తడే ఎక్కువ ప్రమాదం అని బావ లెక్క. నాకు వచ్చినప్పుడు ఉన్నవి రన్‌ఫ్లాట్లు, గాలి పోయినా పక్కగోడ గట్టిగా ఉండి కాస్త దూరం నడుస్తాయి, జెడ్4లో స్టెప్నీ పెట్టుకునే చోటే లేదు కాబట్టి కంపెనీ అలా ఇచ్చింది. కొత్తవి మామూలువి. అందుకని చిన్న ఎలక్ట్రిక్ కంప్రెసర్, పంచర్ కన్నంలో దూర్చే రబ్బరు స్ట్రిప్పుల కిట్టు కూడా కొన్నా. ఈ రెండూ లేకుండా రన్‌ఫ్లాట్ మార్చకండి, స్టెప్నీ లేని కారుకి ఇవే స్టెప్నీ.

బిగించేముందు కొత్త టైరు మీద గోరు నొక్కా. దిగింది. తీస్తే చిన్న నెలవంక గుర్తు, నెమ్మదిగా మాయమైపోయింది. ఆ గుర్తు చూసినప్పుడు నాకు కలిగిన ధైర్యం చెప్పలేను.

సాయంత్రం విజయనగరం వచ్చి పైడితల్లమ్మ గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టి నాలుగు టైర్ల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. అమ్మ చెప్పింది, చేశాం.

రెండో రోజు: అరసవల్లి, శ్రీకూర్మం

కొత్త టైరుని వెంటనే కొండెక్కించకూడదు. అచ్చులోంచి రబ్బరు ఊడి రావడానికి నూనె లాంటిది పూస్తారు, అది పైన పొరలాగ ఉంటాది, రెండు మూడొందల కిలోమీటర్లు మెత్తగా నడిపితే అరిగి అసలు రబ్బరు బయటికొస్తాది. అందుకే ఈ రోజంతా చదును రోడ్డు మీదే. శ్రీకాకుళం దాకా హైవే, అరసవల్లిలో సూర్యనారాయణ స్వామి దర్శనం (మార్చిలో, అక్టోబర్లో పొద్దుటి కిరణాలు స్వామి పాదాల మీద పడతాయి, ఇది జనవరి కాబట్టి మాకు ఆ భాగ్యం లేదు), అక్కణ్ణించి శ్రీకూర్మం, మధ్యాహ్నం భోజనం శ్రీకాకుళంలో, సాయంత్రానికి ఇల్లు. గట్టి బ్రేకులు లేవు, ఓవర్‌టేకులు లేవు. విశాఖ నించి వచ్చిందీ ఇదీ కలిపి రెండొందల పైన తిరిగింది.

ఇంటికొచ్చి చూస్తే టైరు పైన మెరుపు పోయి మసి రంగు వచ్చింది. బావ చేత్తో రాసి చూసి "ఇప్పుడు సరే" అన్నారు.

మూడో రోజు: శృంగవరపుకోట, అనంతగిరి ఘాట్, అరకు

పొద్దున్నే కాకుండా కావాలనే మధ్యాహ్నం గాలి సరిచూశాం. నీడలో రెండు గంటలు ఆగిన కారు, బయట 29 డిగ్రీలు, వెనకవి 34 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పెట్టా. ఈ అంకె గుర్తు పెట్టుకోండి, ఐదో రోజు మళ్ళీ వస్తాది. పెట్రోలు బంకులో కుర్రాడు నైట్రోజన్ కొట్టించుకోండి సార్ చలికి తగ్గదు అన్నాడు. బావ వద్దన్నారు. నైట్రోజనైనా గాలైనా చల్లబడితే ఒకేలాగ కుంచించుకుపోతాయి, నైట్రోజన్‌లో తేమ ఉండదు అంతే తేడా.

మన ఊరి నించి అరకు, పాడేరు, లంబసింగి అన్నీ ఒకటే నేషనల్ హైవే మీదున్నాయి, 516ఇ, రాజమండ్రిలో మొదలై కొండలన్నీ దాటుకుని విజయనగరం వస్తాది. ఎస్.కోట దాటేదాకా చెరకు బళ్ళు, జీడిమామిడి తోటలు, బొడ్డవర దగ్గర కొండ ఎదురొస్తాది. కింద నించే పక్కన కొత్తవలస కిరండూల్ రైలు లైను కనపడతా మాయమవుతా ఉంటాది.

ఘాట్ మొదలయ్యాక నేను మాట్లాడటం మానేశా. ఆ మలుపు ఎక్కడుందో నాకు బాగా గుర్తు, ఎడమ పక్కన సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు, కుడి పక్కన సున్నం కొట్టిన చిన్న గోడ. మూడున్నర అవుతున్నా అక్కడ ఎండ పడదు, రోడ్డు అప్పటికీ చెమ్మగానే ఉంది, పైగా మలుపు లోపలి అంచున ఆకులు పేరుకున్నాయి, ఇంద్రధనస్సు రంగులో డీజిలు మరక కూడా, బస్సులు ట్యాంకు నిండా కొట్టించుకుని ఎక్కుతుంటే ఒలుకుతాది కదా అది. అదే స్పీడు, అదే గేర్. మరక తప్పించి బయటి అంచు నించి నెమ్మదిగా తిప్పా. కారు తిరిగింది. అంతే. ఏమీ జరగలేదు. దాటాక గాలికొండ వ్యూపాయింట్ దగ్గర ఆపి దిగి చాలాసేపు నిలబడ్డా, బావ వేయించిన పల్లీలు కొని నా చేతిలో పోశారు.

అక్కడే బావ సంచీలోంచి వంటింట్లో నూనె వేడి చూసే తుపాకీ లాంటి థర్మామీటర్ తీసి టైర్లకి గురిపెట్టారు. రోడ్డు 18 డిగ్రీలు, ముందు టైరు 31, వెనక టైరు 36. పైకెక్కుతా పని చేసింది కాబట్టి వేడెక్కింది. "సమ్మర్ టైరుకి ఇది హాయిగా ఉండే వేడి. రేప్పొద్దున్న ఆరింటికి ఇదే టైరు పదిలో ఉంటాది, అప్పుడు ఇది ఇదే టైరు కాదు."

రాత్రి అరకులో ఉన్నాం. బొంగు చికెన్ తిన్నాం, నిప్పు దగ్గర కూర్చున్నాం, కాఫీ రెండుసార్లు తాగాం.

నాలుగో రోజు: పాడేరు మీదుగా లంబసింగి

పొద్దున్న ఆరున్నరకి 9 డిగ్రీలు. టైరు మీద గురిపెడితే 9. బావ మాట నిజం, మొదటి ఐదు కిలోమీటర్లు స్టీరింగ్ చెక్కలాగ ఉంది, కింద రోడ్డు ఏం చెప్తుందో చేతికి అందలేదు. స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్ళకి ఇది అర్థమవుతాది, మిగతా కార్లలో కన్నా ఇందులో ఆ మాట బాగా వినపడతాది, అది ఆగిపోతే వెంటనే తెలుస్తాది. పదో కిలోమీటరు దగ్గర కొంచెం కొంచెంగా మళ్ళీ మాట్లాడటం మొదలెట్టింది.

చాలామంది టైర్లు వేడెక్కించాలని రోడ్డు మీద పాములాగ ఇటూ అటూ తిప్పుతారు, టీవీలో రేసు చూసి. అలా చెయ్యకండి. బావ చెప్పింది ఏంటంటే మెత్తగా నడపడమే, కొంచెం ఎక్కువసేపు, బ్రేకు ముందే మొదలెట్టి, టైరు లోపలి నించి వేడెక్కేదాకా.

పాడేరు దగ్గర రోడ్డు వెడల్పు పనులు జరిగిన చోట గులకరాళ్ళ మీద ఒకటిన్నర కిలోమీటరు నడిచాం. దాటాక వెనక ఎడమ పక్క టిక్ టిక్ టిక్. దిగి చూస్తే స్క్రూ ఒకటి, తల మాత్రం కనపడేలాగ దిగబడిపోయి ఉంది. కొని మూడు రోజులే అయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఊళ్ళో రోడ్డు పక్కన పంచర్ షాపు, రేకుల షెడ్డు, నీళ్ళ తొట్టి. అక్కడి కుర్రాడు పద్దెనిమిది ఇరవై ఏళ్ళుంటాయి, కారు చుట్టూ ఒకసారి తిరిగి "ఇంత కిందకుంది ఏటి బాబూ, జాకీ ఎక్కడెట్టాలి" అని ముందు ఆ మాట అడిగాడు. అది అడిగాడు కాబట్టే నమ్మకం కుదిరింది, చాలామంది ఎక్కడపడితే అక్కడ పెట్టి కింద అంచు వంచేస్తారు. జాకీ పాయింట్ చూపించాం. చక్రం విప్పి స్క్రూ పీకితే బుస్సుమంది. రంధ్రంలో గరుకు సూది పెట్టి పదిసార్లు లోపలికీ బయటికీ ఆడించాడు. స్ట్రిప్పు చలికి బిర్రబిగిసిపోయి సూది కన్నంలో ఎక్కలేదు. రెండరచేతుల మధ్య పెట్టి, నోటితో ఊదుతా, నిప్పు రాజేసేటప్పుడు రుద్దినట్టు రుద్దాడు. ఒక నిమిషం. మెత్తబడింది. జిగురు ముంచి ఒక్క పోటు పొడిచి లాగేశాడు, మిగిలిన తోకలు బ్లేడుతో కోసి ఉమ్మి రాసి చూశాడు, బుడగ రాలేదు. బావ నా వైపు తిరిగి "చూశావా, మొన్న నేను గంట చెప్పింది వీడు ఒక్క నిమిషంలో చూపించాడు" అన్నారు. చలికి రబ్బరు ఏమవుతాదో, వేడికి ఏమవుతాదో, అంతా ఆ రెండు చేతుల్లో ఉంది. అడిగినదానికన్నా ఎక్కువే ఇచ్చాం, తీసుకోడానికి మొహమాటపడ్డాడు.

ఇక్కడో మాట. స్ట్రిప్పు తాత్కాలికమే. ఇంత వేగంగా పోగల టైరుకి లోపలి నించి ప్యాచ్ వేయించేదాకా స్పీడు తగ్గించుకోవాలి, మేం 80 దాటలేదు. రంధ్రం నడిమధ్యన ఉంది కాబట్టి బతికింది, పక్కగోడలో గనక దిగితే ఇక ఆ టైరు పారెయ్యడమే.

చింతపల్లి రోడ్డులో పొద్దు గూకేవేళకి లంబసింగి చేరాం. దీన్నే కొర్రబయలు అంటారు, బయట పడుకున్నోడు కొర్రలాగ, అంటే కర్రలాగ, బిగుసుకుపోతాడని. రాత్రి రెండు రగ్గులు చాలలేదు.

ఐదో రోజు: లంబసింగి తెల్లారగట్ల, నర్సీపట్నం, ఇల్లు

నాలుగున్నరకి లేచాం, చెరువులవేనం వ్యూపాయింట్‌కి జనం అప్పటికే బైకుల మీద పోతున్నారు. కారు పైన మంచు నీళ్ళు ధారలు కట్టాయి. స్టార్ట్ చేసి వంద మీటర్లు పోయామో లేదో డాష్‌బోర్డులో టింగ్ అని మోగింది, 3 డిగ్రీల గుర్తు వెలిగింది. బీఎమ్‌డబ్ల్యూ కార్లు 3 డిగ్రీలకి దిగితే రోడ్డు గడ్డకట్టొచ్చు జాగ్రత్త అని అలా హెచ్చరిస్తాయి. కొన్నప్పట్నించి ఆ శబ్దం నేను వినలేదు, విజయనగరంలో ఎందుకు వింటాను. బావకి అది రోజూ వినే శబ్దం, ఇంటి దగ్గరున్నట్టుంది అన్నారు.

వెంటనే ఆపి గాలి కొలిచే గేజ్ పెట్టా. 34 పెట్టిన వెనక టైర్లు 32 కి కొంచెం తక్కువ. స్ట్రిప్పు వేసిందీ వెయ్యనిదీ ఒకేలా ఉన్నాయి, అంటే లీకు లేదు, చలే. ఇక్కడ బావ నాకు తెలీని సంగతి చెప్పారు. 29 నించి 3 కి, 26 డిగ్రీలు పడితే టైరులో నాలుగు పైన తగ్గాలి, సుమారుగా ప్రతి ఐదారు డిగ్రీలకీ ఒక పీఎస్ఐ. మరి రెండే ఎందుకు తగ్గింది అంటే మనం వెయ్యి మీటర్ల ఎత్తులో ఉన్నాం, బయట గాలి ఒత్తిడి కింద కన్నా ఒకటిన్నర పీఎస్ఐ పైన తక్కువ, గేజ్ ఎప్పుడూ లోపలికీ బయటికీ తేడానే చూపిస్తాది. చలి తీసుకుంది, కొండ కొంత తిరిగిచ్చింది. ఇంకోటి, నా కారులో ఉన్న గాలి హెచ్చరిక నాలుగు చక్రాల తిరుగుడు పోల్చి చూసే రకం, ఒక టైరు తగ్గితే పట్టుకుంటాది, చలికి నాలుగూ కలిసి తగ్గితే దానికి తెలీదు. చలి ఊళ్ళకి పోయేవాళ్ళు గేజ్ కారులో ఉంచుకోండి, బండి చెప్తాదిలే అనుకోకండి. కంప్రెసర్ పెట్టి 34 చేశా.

ఆ తర్వాత నడిపిన నాలుగు కిలోమీటర్లూ నేను కావాలనే పరీక్షగా నడిపా. ఖాళీ రోడ్డు చూసుకుని, 20 స్పీడులో సెకండ్ గేర్లో కొంచెం గట్టిగా నొక్కితే ట్రాక్షన్ లైటు మిణుకుమంది. ఆర్నెల్ల కొత్త టైరే, మంచి పేరున్న టైరే, అయినా 3 డిగ్రీల్లో దాని పాకం బిగిసింది. పాత టైర్లకీ దీనికీ తేడా ఏంటంటే ఇది ముందు చెప్పింది. కొంచెం కదిలి, లైటు చూపించి, కాలు తియ్యగానే మళ్ళీ పట్టుకుంది. అవి చెప్పకుండా ఒక్కసారే వదిలేశాయి.

అందుకే ఎవరైనా అడిగితే నేను ఇలాగే చెప్తున్నా. మన మైదానంలో ఉంటా చలికాలంలో మూణ్ణాలుగుసార్లు కొండెక్కేవాడికి తడి పట్టు బాగున్న కొత్త సమ్మర్ టైరు చాలు, ఆ తెల్లారగట్ల గంట మాత్రం యాక్సిలరేటర్ మీద కాలే చూసుకుంటాది. కొండ మీదే కాపురం ఉండేవాడు ఆల్ సీజన్ వేసుకోవాలి. నెలల తరబడి 7 కిందే ఉండే దేశంలో ఉన్నవాళ్ళు, మన పిల్లలు ఎంతమంది లేరు అక్కడ, రెండో సెట్టు కొనుక్కోవాలి, నాలుగు చక్రాలకీ బలం వెళ్ళే ఆల్‌వీల్ డ్రైవ్ ఉంది కదా అని ఆగకూడదు, ఆల్‌వీల్ కదలడానికి పనికొస్తాది, ఆగడానికి రోడ్డుని తాకేది అరచేయంత రబ్బరు నాలుగు చోట్ల, అంతే.

చెరువులవేనంలో మబ్బులు కాళ్ళ కింద పాలపొంగులా ఉన్నాయి. వెళ్ళినవాళ్ళందరికీ తెలుసు, వెళ్ళనివాళ్ళకి ఎంత చెప్పినా చాలదు. టాపు తీసేసి రగ్గులు కప్పుకుని హీటర్ కాళ్ళ మీద పెట్టుకుని పది నిమిషాలు అలా కూర్చున్నాం. ఒక చిన్న పిల్ల స్ట్రాబెర్రీలు ఆకు దొప్పలో తెచ్చి అద్దం దగ్గర పట్టుకుంది, అన్నీ కొనేశాం.

ఎనిమిది దాటాక ఎండ పడ్డాకనే ఘాట్ దిగాం, అప్పటికి 12. నర్సీపట్నం చేరేసరికి 24, గేజ్ పెడితే వెనకవి 38. కొండ దిగాం, టైరు వేడెక్కింది. ఎక్కువైందని గాలి తీసెయ్యబోతే బావ చెయ్యి పట్టుకున్నారు, వేడి మీద ఎప్పుడూ తియ్యకూడదు, చల్లారాక చూసుకోవాలి. టిఫిను తిని అనకాపల్లి, సబ్బవరం, పెందుర్తి, కొత్తవలస మీదుగా ఇల్లు. అమ్మ వాకిట్లోనే ఉంది. అప్పుడు చెప్పా ఆమెకి డిసెంబర్ సంగతి. ఏమీ తిట్టలేదు, వెళ్ళి టైరు మీద చెయ్యి వేసి చూసి లోపలికెళ్ళిపోయింది.

బావ రెండ్రోజుల తర్వాత వెళ్ళిపోయారు. నేను మర్నాడే విశాఖ వెళ్ళి చక్రం విప్పించి లోపలి నించి ప్యాచ్ వేయించా, పాడేరు కుర్రాడి స్ట్రిప్పు లోపల చూస్తే రెండు చెవులు విప్పుకుని గట్టిగా అతుక్కుని ఉంది, మెకానిక్ దాన్ని తియ్యడానికి చాలాసేపు కష్టపడ్డాడు. బ్యాలెన్సింగ్ చేయించి, చల్లారాక 34 పెట్టించి, గాలి హెచ్చరిక రీసెట్ కొట్టి ఇంటికొచ్చా.